ఇల్లు, కొలువు, యాక్సిడెంట్: ఓరుగల్లు వైపు తరచుగా అడిగే చట్టం ప్రశ్నలు

హనుమకొండ అదాలత్ సెంటర్ దాకా వచ్చేసరికే చాలామంది చేతిలో ఒక బాండ్ పేపర్ ఉంటుంది. పెద్దమనుషులు కూర్చొని రాయించింది, అందరూ సంతకాలు పెట్టింది. దాంతో పని కాకపోతేనే కోర్టు గుర్తొస్తుంది. అప్పుడు అడిగే ప్రశ్నలే ఈ పేజీలో ఎక్కువ. కొన్నిటికి జవాబు ‘ఇంకా టైముంది, టెన్షన్ పడకండి’ అని. కొన్నిటికి మాత్రం ‘సంతకం పెట్టకముందు అడగాల్సింది’ అని.

సెక్షన్ల నంబర్లు మారాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తున్నాయి. భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే, అందరి నోళ్లలో నానిన 498ఏ ఇప్పుడు సెక్షన్ 85. మనోవర్తి సెక్షన్ 125 ఇప్పుడు 144. ఉద్యోగాల విషయంలో 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు జరిగినవాటికి పాత చట్టమే వర్తించవచ్చు. కింద రాసింది దారి తెలియడానికి. మీ కాగితాలు చూసినవాళ్లే మీ కేసు సంగతి చెప్పగలరు.

ఇల్లు, సంసారం

పెద్దమనుషుల్లో విడాకులు రాసుకున్నాం. మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా?

వద్దు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లిని రద్దు చేయాల్సింది కోర్టే. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఇరవై మంది సంతకాలున్నా, నోటరీ ముద్ర ఉన్నా అది విడాకుల డిక్రీ కాదు. ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని కులాల్లో పాతకాలం నుంచి కులపంచాయితీలో విడాకులిచ్చే ఆచారం ఉంటే చట్టం దాన్ని గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం ఉందని మీరే కోర్టులో రుజువు చేయాలి. ‘మా దగ్గర అట్లనే చేస్తరు’ అంటే సరిపోదు.

మొదటి పెళ్లి చెల్లుబాటులో ఉండగా రెండోది చేసుకుంటే న్యాయ సంహిత సెక్షన్ 82 కింద 7 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. అసలు దెబ్బ మాత్రం చాలా ఏళ్ల తర్వాత తగులుతుంది. సింగరేణిలోనో ఆర్టీసీలోనో పనిచేసే మనిషి చనిపోయాక పెన్షన్, డిపెండెంట్ ఉద్యోగం కాగితాలు కదిలిస్తే రికార్డులో మొదటి భార్య పేరు బయటపడుతుంది. పదిహేనేళ్లు కాపురం చేసిన రెండో ఆమె చేతిలో ఏమీ మిగలదు. ఆమె పిల్లలకు మాత్రం తండ్రి వాటాలో హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది.

ఇద్దరికీ ఇష్టమే అయితే ఎంతకాలం పడుతుంది?

ఏడాది విడిగా ఉండాలి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. రెండోసారి హాజరవడానికి 6 నెలల గడువు ఉంటుంది. కలిసే అవకాశమే లేదని, డబ్బు, పిల్లల సంగతి తేలిపోయిందని జడ్జికి నమ్మకం కుదిరితే ఆ 6 నెలలు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దమనుషుల కాగితం అక్కరకొచ్చేది ఇక్కడే. దానిలో రాసుకున్న షరతుల్ని పిటిషన్‌లో పెట్టించుకోండి. రెండో హాజరు అయ్యేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు కాబట్టి డబ్బు మొత్తం ముందే ఇవ్వకుండా డిక్రీ రోజుకు కొంత ఉంచుకోవడం మామూలు.

విడాకులు వద్దు. ఆయన ఖర్చులకు ఇస్తే చాలు. కేసు వేయొచ్చా?

వేయొచ్చు. మనోవర్తికి విడాకులతో సంబంధం లేదు. సెక్షన్ 144 కింద మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేయొచ్చు. ఆయన హైదరాబాద్‌లో ఉన్నా మీరు పర్కాల నుంచి అక్కడిదాకా తిరగనక్కర్లేదు. నోటీసు అందిన 60 రోజుల్లో మధ్యంతర మనోవర్తి తేల్చాలని చట్టంలో ఉంది. అన్నిసార్లూ అట్లా జరగదు, అయినా ఆ గడువును చూపించి గట్టిగా అడగొచ్చు.

2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత భార్యాభర్తలిద్దరూ ఆస్తి, ఆదాయం, అప్పుల వివరాలు ప్రమాణ పత్రంలో ఇవ్వాలి. కేసు బలం సగం దాన్లోనే ఉంటుంది. ఆయన ‘నాకు పని లేదు’ అని రాస్తే, కొత్త బండి ఎప్పుడు కొన్నాడో, ఈఎంఐ ఎంత కడుతున్నాడో, చిట్టీ ఎక్కడ వేశాడో మీరు చూపించాలి. పని చేయగల శక్తి ఒంట్లో ఉన్న మనిషి ఖాళీగా ఉన్నానంటే కోర్టులు ఒప్పుకోవు. మనోవర్తి సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచే లెక్కకడతారు, అందుకే నెలలు గడిచేదాకా ఆగకండి. ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే ఒక్కో బాకీకి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఆ ఏడాది దాటనిచ్చి బాకీ పోగొట్టుకున్నవాళ్లు చాలామంది.

ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఇల్లు మా అత్త పేరు మీద ఉంది.

ఎవరి పేరు మీదున్నా అది మీరు కాపురమున్న ఇల్లు అయితే గృహహింస చట్టం, 2005 కింద అక్కడ ఉండే హక్కు అడగొచ్చు. అత్తమామల పేరున్న ఇల్లు కూడా దీని కిందికి రావచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది ముందుగా ఎవరినీ జైలుకు పంపే కేసు కాదు. రక్షణ, నివాసం, ఖర్చులు అడిగే కేసు. సఖి కేంద్రంలో గానీ, ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర గానీ, 181కి ఫోన్ చేసి గానీ మొదలుపెట్టొచ్చు. కొడుతున్నారంటే ముందు 112.

పెళ్లికి పెట్టిన బంగారం, సామాన్లు తిరిగొస్తాయా?

పెళ్లికూతురికి పెట్టినవి ఆమె స్త్రీధనం. ఆమె ఆస్తే. కట్నంగా ఇచ్చింది కూడా ఆమెకు తిరిగి ఇవ్వాలని వరకట్న నిషేధ చట్టం అంటుంది. సమస్య రుజువు దగ్గర వస్తుంది. బంగారం బిల్లు తండ్రి పేరు మీద ఉంటే చాలు, పారేయకండి. బిల్లులు లేకపోతే పెళ్లి వీడియో పనికొస్తుంది. మన పెళ్లిళ్లలో బీరువా, మంచం, ఫ్రిజ్, బండి వరుసగా పెట్టి ఫోటోగ్రాఫర్‌తో తీయిస్తారు కదా, ఆ పది నిమిషాల ముక్క కోర్టులో సాక్ష్యంగా నిలబడిన సందర్భాలున్నాయి. పెన్‌డ్రైవ్ భద్రంగా పెట్టుకోండి.

పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?

ఐదేళ్లలోపు మామూలుగా తల్లి దగ్గర. ఆ తర్వాత పిల్లల బాగోగులే కొలత, ఎవరి జీతం ఎక్కువన్నది కాదు. రెండో మనిషికి చూసే హక్కు ఉంటుంది.

ఆడబిడ్డకు భూమిలో వాటా ఉందా? పెళ్లికి 10 లక్షలు ఖర్చుపెట్టారు కదా?

పెళ్లి ఖర్చు, కట్నం వాటాకు బదులు కావు. ఇది చాలా ఇళ్లలో మింగుడుపడని మాటే, అయినా చట్టం అదే.

తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా బిడ్డకు పుట్టుకతోనే హక్కు ఉంది. మన రాష్ట్రంలో ఈ కథ దేశం కంటే ముందే మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు ఇచ్చింది. దేశమంతటికీ వర్తించే సవరణ 2005 సెప్టెంబర్ 9 నుంచి వచ్చింది, దానిలో పెళ్లయిందా లేదా అన్న తేడా లేదు. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాల్ని గానీ, కోర్టు డిక్రీతో జరిగిన పంపకాల్ని గానీ ఇప్పుడు తిరగదోడలేరు. ‘అప్పుడే నోటిమాటగా పంచుకున్నాం’ అనే వాదనను కోర్టులు అంత తేలిగ్గా నమ్మవు.

తండ్రి సొంతంగా సంపాదించింది వేరు. ఆయన వీలునామా రాస్తే అదే నడుస్తుంది. రాయకుండా పోతే భార్య, కొడుకులు, బిడ్డలు, ఆయన తల్లి బతికుంటే ఆమె, అందరికీ సమానం.

రెండు జాగ్రత్తలు. పసుపు కుంకుమల కింద ఇచ్చామన్న ఎకరం నోటిమాటగా ఉంటే అది మీది కాదు, రిజిస్టర్ చేయించుకోండి. అన్నదమ్ములు ‘పాస్‌బుక్కు మార్పుకు సంతకం చాలు అక్కా’ అని తహసీల్దార్ ఆఫీసుకు పిలిస్తే, ఆ కాగితం వారసుల వాంగ్మూలమా, హక్కు వదులుకునే పత్రమా చదివించుకోండి. భూముల రికార్డులకు ధరణి పోయి 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. ఇప్పుడు వారసత్వ మ్యుటేషన్‌కు (రికార్డులో వారసుల పేరు ఎక్కించడానికి) వారసులకు నోటీసులిచ్చి విచారణ చేయాలి. ఆ నోటీసు వచ్చినప్పుడు అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి.

ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ వైపు కోయ, లంబాడా కుటుంబాలకు హిందూ వారసత్వ చట్టం నేరుగా వర్తించదు. అయినా ఆచారంలో ఎక్కడా అడ్డు లేనప్పుడు ఆడబిడ్డ అన్న ఒక్క కారణంతో వాటా ఇవ్వకపోవడం వివక్షేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇల్లు కొడుక్కి గిఫ్ట్ రాసిచ్చాం. ఇప్పుడు అన్నం పెడుతలేడు.

ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లండి. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ అక్కడే ఉంటుంది. నెలకు 10 వేల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఈ ట్రిబ్యునల్లో లాయర్ అక్కర్లేదు, ఒక తెల్లకాగితం అర్జీ చాలు. సెక్షన్ 23 కింద గిఫ్టు రద్దు కూడా అడగొచ్చు. చిక్కేమిటంటే, ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు మీద ఇచ్చినట్టు తేలాలి. అందుకే ఇంకా రాయనివాళ్లు ఆ వాక్యం దస్తావేజులోనే రాయించండి. డాక్యుమెంట్ రైటర్ ‘అవన్నీ ఎందుకు పెద్దాయనా’ అంటాడు. వినకండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

కొలువు, జీతం

మానేశాక రెండు నెలల జీతం ఆపేశారు. ఎవరిని అడగాలి?

వేతనాల కోడ్ ప్రకారం మీరు మానేసినా, వాళ్లు తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు నెల జీతం మరుసటి నెల 7లోపు పడాలి. ముందు సేటుకు వాట్సాప్‌లోనైనా సరే తేదీలతో, మొత్తంతో రాసి అడగండి. ‘వచ్చే వారం ఇస్తా’ అని ఆయన ఇచ్చే జవాబే మీకు సాక్ష్యం. తర్వాత కార్మిక శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో అర్జీ. గడువు మూడేళ్లు.

అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, చేతికి క్యాష్ ఇచ్చేవాళ్లు అంటే కూడా దారి మూసుకుపోదు. హాజరు పట్టీ ఫోటో, గ్రూపులో వచ్చిన డ్యూటీ మెసేజ్‌లు, తోటివాళ్ల సాక్ష్యం పనికొస్తాయి.

కాంట్రాక్టర్ పారిపోయాడు. కంపెనీ ‘మాకు సంబంధం లేదు’ అంటోంది.

సంబంధం ఉంది. రామగుండం, మందమర్రి, భూపాలపల్లి వైపు కాంట్రాక్టు కార్మికుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టి, కాంట్రాక్టర్ బిల్లులోంచి పట్టుకోవాలి. గేట్ పాస్ మీద కంపెనీ పేరు, తేదీలు ఉంటాయి కాబట్టి పని అయిపోయిన రోజు దాన్ని వాపస్ ఇచ్చే ముందు ఫోటో తీసి పెట్టుకోండి.

నేను కొలువు చేసే కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నారు. మధ్యలో మానేస్తే ఇవ్వరట.

సర్టిఫికెట్ మీ సొత్తు, తాకట్టు వస్తువు కాదు. బాండ్ రాసుకుని, ట్రైనింగ్ ఖర్చు వగైరా న్యాయంగా ఉంటే ఆ డబ్బు కోసం వాళ్లు దావా వేసుకోవచ్చు. సర్టిఫికెట్లు మాత్రం ఆపలేరు. రిజిస్టర్డ్ పోస్టులో లెటర్, ఆ తర్వాత లాయర్ నోటీసు, అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు ఫిర్యాదు. చాలావరకు నోటీసుతోనే పని అయిపోతుంది. చేరేటప్పుడు ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మాత్రం మరవొద్దు.

జీతంలో పీఎఫ్ కట్ చేశారు, పాస్‌బుక్కులో పడలేదు.

మీ జీతంలోంచి కోసి జమ చేయకపోవడం నేరం. యూఏఎన్‌తో (మీ పీఎఫ్ ఖాతా నంబర్‌తో) పాస్‌బుక్ చూసి, ఏయే నెలలు పడలేదో రాసి, జీతం స్లిప్పులతో పీఎఫ్ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో గానీ వరంగల్ పీఎఫ్ ఆఫీసులో గానీ ఇవ్వండి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చేసే అక్కలకు సమస్య వేరే ఉంటుంది. పీఎఫ్ రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. దాంతో క్లెయిమ్ వాపస్ వస్తుంది. కంపెనీ సంతకంతో జాయింట్ డిక్లరేషన్ ఇచ్చి సరిచేయించుకోవాలి. ఇది పని చేస్తున్నప్పుడే చేయించండి, కార్ఖానా మూతపడ్డాక సంతకం పెట్టే మనిషి దొరకడు.

ప్రైవేట్ స్కూల్ టీచర్‌కు గ్రాట్యుటీ వస్తుందా?

వస్తుంది. టీచర్లకూ వర్తిస్తుందని 2009లో చట్టం సవరించారు, 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్క. ప్రైవేట్ స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా చాలామంది టీచర్లు అడగనే అడగరు.

కనీసం 5 ఏళ్ల సర్వీసు ఉండాలి. కొత్త కోడ్‌లో ఇన్నేళ్లకని ఒప్పందం మీద తీసుకున్నవాళ్లకు ఏడాది చాలు. లెక్క ఇది: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్లతో గుణించాలి. 18 వేల మీద 7 ఏళ్లకు సుమారు 72,692 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ.

గర్భంతో ఉన్నానని తీసేశారు.

చెల్లదు. ముందటి 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు మీ హక్కు. ఆ సమయంలో తీసేసినా సెలవు జీతం ఎగ్గొట్టలేరు.

మా షాపులో ఆరుగురమే. ఓనర్ చేతులు వేస్తున్నాడు. కమిటీ లేదు.

పదిమంది కంటే తక్కువున్న చోట, లేదా ఫిర్యాదు ఓనర్ మీదే అయినప్పుడు లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే లోకల్ కమిటీ జిల్లా స్థాయిలో ఉంటుంది. కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ విభాగాన్ని అడగండి. 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. పోలీసు కేసు దానికి అదనం.

గల్ఫ్‌లో పనికని ఏజెంట్ లక్షన్నర తీసుకొని విజిట్ వీసా ఇచ్చాడు. పోవాలా?

పోకండి. విజిట్ వీసా మీద పని చేస్తే అక్కడ మీరు నేరస్థుడి కింద లెక్క, ఇక్కడ ఈ-మైగ్రేట్‌లో (పనికి విదేశం పోయేవాళ్ల ప్రభుత్వ రికార్డులో) మీ పేరే ఉండదు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ తన సర్వీస్ ఫీజు కింద 30 వేలు, దానిమీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. ప్రవాసీ భారతీయ బీమా ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు వస్తాయి. ఏజెంట్‌కు డబ్బు ఫోన్‌పేలోనే పంపండి. ‘క్యాష్ అయితేనే’ అన్నాడంటే అక్కడే అర్థమైపోవాలి.

ఇప్పటికే అక్కడ ఇరుక్కున్నవాళ్ల ఇంటివాళ్లు ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రానికి 1800 11 3090లో ఫోన్ చేయొచ్చు. 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది, అర్జీ కలెక్టర్ ఆఫీసులో.

దెబ్బలు, యాక్సిడెంట్లు

గుద్దినాయన 50 వేలు ఇస్తానంటున్నాడు. కేసు వద్దంటున్నాడు. తీసుకోవాలా?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇది చదవండి.

ఆయన ఇచ్చే డబ్బు ఆయన జేబులోది. కోర్టు ఇప్పించేది చాలావరకు ఇన్సూరెన్స్ కంపెనీది. ఎఫ్‌ఐఆర్ లేకపోతే ఆ బండే గుద్దిందని తర్వాత చెప్పడం దాదాపు కాని పని. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో కాలికి ప్లేటు వేసిన రోజు 50 వేలు పెద్ద మొత్తంగానే కనిపిస్తుంది. ఏడాది తర్వాత ప్లేటు తీయడానికి మళ్లీ ఆపరేషన్, ఆటో నడపలేని కాలు, చిట్టీ కిస్తీలు ఎదురైనప్పుడు ఆ బాండ్ పేపర్ గుర్తొస్తుంది. మధ్యలో కూర్చున్న పెద్దమనిషి బండి ఓనర్‌కు ఏమవుతాడో కూడా ఒకసారి కనుక్కోండి.

తక్షణ ఖర్చులకు ఇస్తే తీసుకోవచ్చు. రసీదులో ‘వైద్యం ఖర్చులకు’ అని మాత్రమే రాయండి. ‘ఇకముందు ఏ కేసూ వేయము’ అన్న వాక్యం కింద సంతకం పెట్టొద్దు. ఆస్పత్రిలో చేరేటప్పుడు ‘బండి మీంచి జారిపడ్డాడు’ అని చెప్పొద్దు. ఎవరో తొందరలో చెప్పిన ఆ ఒక్క మాట కేస్ షీట్‌లో ఎక్కితే రెండేళ్ల తర్వాత ఇన్సూరెన్స్ లాయర్ దాన్నే చదివి వినిపిస్తాడు.

ఆస్పత్రి ఖర్చు ఇప్పుడెట్లా?

2025 మేలో వచ్చిన కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజుల్లో లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం ఉంది. పథకంలో ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లాలి కాబట్టి 112కి ఫోన్ చేసి అడగండి. దెబ్బలు తగిలినవాళ్లను తెచ్చినాయనను తన పేరు చెప్పాలని, సాక్షిగా ఉండాలని ఎవరూ బలవంతం చేయకూడదు.

నష్టపరిహారం ఎంత వస్తుంది?

లెక్క ఉంది, ఎవరి దయ మీదా ఉండదు. 34 ఏళ్ల తాపీమేస్త్రీ, నెలకు 15 వేలు, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఉన్నారనుకుందాం. ఆయన చనిపోతే, 40 ఏళ్లలోపు కాబట్టి భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలుపుతారు: 21 వేలు. ఏడాదికి 2,52,000. ఆయన సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీస్తే 1,89,000. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 30,24,000. అంత్యక్రియలు, భార్యాపిల్లలకు తోడు పోయినందుకు ఇచ్చేవి దీనిమీద అదనం. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో ఖాయం చేసింది. 50 వేలకు రాజీ అనే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

రైతు బీమా, ఎల్ఐసీ డబ్బులు వచ్చాయని దీనిలో కోత పెట్టరు.

బాధితుడికి లైసెన్స్ లేకపోతే?

లైసెన్స్ లేనంత మాత్రాన తప్పు ఆయనదైపోదు. ఎదుటి డ్రైవర్‌కు లైసెన్స్ లేకపోతే చాలా కేసుల్లో ఇన్సూరెన్స్ కంపెనీ ముందు మీకు కట్టి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంటారు.

ఆరు నెలలు దాటింది. ఇక కేసు వేయలేమా?

2022 ఏప్రిల్ 1 నుంచి జరిగిన ప్రమాదాలకు 6 నెలల గడువు పెట్టారు. దాన్ని సవాలు చేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2025 నవంబర్‌లో, ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది తుది తీర్పు కాదు. 6 నెలల్లోపే వేసుకోవడం మేలు. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు.

గుద్దిన బండి ఆగకుండా పోయింది.

ఆ బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయమైతే 50 వేలు. అర్జీ ఆర్డీఓ లేదా తహసీల్దార్ దగ్గర. అడిగేవాళ్లే లేక మిగిలిపోతున్న డబ్బు ఇది.

నా బండి నేనే పడేసుకున్నాను.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఎదుటివాళ్లకే, మీకు రాదు. పాలసీలో ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే మరణానికి 15 లక్షలు. రెన్యూవల్ అప్పుడు నాలుగొందలకు చూసి అది తీసేయిస్తారు చాలామంది.

పత్తి ఏరడానికి ట్రాక్టర్ ట్రాలీలో పోతుంటే బోల్తా పడింది.

నర్సంపేట, జమ్మికుంట వైపు పత్తి, మిర్చి సీజన్‌లో ఏటా జరిగేదే ఇది. కేసు మాత్రం అంత సులువు కాదు. ట్రాలీ సామాన్లు మోసేది, మనుషుల్ని కాదు. అందుకే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. కూలీలు ఎవరి పనికి పోతున్నారన్నదే అప్పుడు కీలకం. ట్రాక్టర్ ఓనర్ తన చేనుకు కైకిలుకు తీసుకెళ్తుంటే వాళ్లు అతని పనివాళ్లు, ఇన్సూరెన్స్ మీద బాధ్యత పెట్టడానికి దారి ఉంటుంది. ఊరికే ఎక్కించుకుపోతుంటే బాధ్యత ఓనర్ మీద పడుతుంది, ఓనర్‌కు ఉన్నది ఆ ట్రాక్టరే. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉన్నాయేమో కూడా చూడాలి. మొదటి రోజు పోలీసులకు ఇచ్చే వాంగ్మూలంలో ‘ఫలానా ఆయన చేనుకు, ఆయన పిలిస్తే పోతున్నాం’ అన్నది నిజమైతే అది తప్పకుండా రాయించండి.

పనిలో ఉండగా దెబ్బ తగిలింది.

ఈఎస్ఐ ఉంటే అక్కడినుంచే. లేకపోతే కార్మిక నష్టపరిహారం, రెండేళ్లలోపు కార్మిక శాఖలో. చనిపోతే జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో గుణిస్తారు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98, 12 వేల జీతానికి 12,47,880 అవుతుంది. ఇందులో యజమాని తప్పు రుజువు చేయనక్కర్లేదు. పని మీద పోతూ రోడ్డు ప్రమాదమైతే ఇదీ, పైన చెప్పిన రోడ్డు ప్రమాద పరిహారం కేసూ (మోటారు ట్రిబ్యునల్) రెండూ కుదరవు, ఏది లాభమో లెక్క వేసుకొని ఒక్కటే ఎంచుకోవాలి.

మోటారు దగ్గర కరెంటు షాక్‌తో చనిపోయాడు.

ఉత్తర తెలంగాణ అంతటికీ కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ హెడ్ ఆఫీసు హనుమకొండలోనే ఉంది. తీగ తెగిపడి మనిషి చనిపోతే సంస్థ నిర్లక్ష్యం రుజువు చేయకపోయినా బాధ్యత దానిదేనని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ హెల్పర్ రాక, ఫ్యూజు వేయడానికి రైతే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోతే వాదన మారుతుంది. కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి, లైన్‌మన్‌కు అంతకుముందు చేసిన ఫోన్ల రికార్డు అప్పుడు ప్రాణమంత విలువ. తీగలు సరిచేయకముందే ఫోటోలు తీయండి, పోస్ట్‌మార్టం వద్దనకండి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు అడగండి. సివిల్ దావాకు గడువు రెండేళ్లు.

ఆపరేషన్ ఫెయిలైంది. డాక్టర్ మీద కేసు?

నయం కాకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. ముందు రికార్డులు అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. ఇంకో డాక్టర్‌కు చూపించి అభిప్రాయం తీసుకోండి. డబ్బు కట్టిన ఆస్పత్రి అయితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల దాకా బిల్లుకు ఫీజు లేదు. అందరికీ ఉచితంగా చూసే ఆస్పత్రి దీని కిందికి రాదు.

స్టేషన్, లాయర్, ఫీజు

స్టేషన్‌లో ‘ఇది మా పరిధి కాదు’ అంటున్నారు.

జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. కాపీ ఉచితం. తీసుకోకపోతే వరంగల్ కమిషనరేట్ పరిధిలో కమిషనర్‌కు, మిగతా జిల్లాల్లో ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు. అదీ కాకపోతే మేజిస్ట్రేట్.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదు.

ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వం లాయర్‌ను ఇస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ 15100.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు. మంచిదేనా?

త్వరగా తేలుతుంది, కట్టిన కోర్టు ఫీజు వాపస్ వస్తుంది. కానీ దానిమీద అప్పీలు ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీ చెప్పిన అంకెను పైన వేసిన లెక్కతో పోల్చి చూడండి. కొంత తగ్గినా మూడు నాలుగేళ్ల తిరుగుడు తప్పితే ఒప్పుకోవచ్చు, సగానికి సగం తగ్గితే వద్దు. ఆ రోజు ఒప్పుకోకపోతే నష్టమేం లేదు, కేసు మళ్లీ పాత కోర్టుకే పోతుంది.

లాయర్ ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అంటున్నారు.

అట్లా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. జరగదని కాదు, బాగానే జరుగుతోంది. ఫీజు ఇంత అని ముందే మాట్లాడుకుని, ఇచ్చిన ప్రతిసారీ ఫోన్‌పేలోనో, రసీదు తీసుకునో ఇవ్వండి. పరిహారం నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఎవరు అడిగినా సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇవ్వకండి.